అన్నం పెట్టిన ఇల్లు

ఇన్వర్‌కార్గిల్‌లో ఆనందమ్మను ఎరగని తెలుగువాళ్ళు లేరు. అదేమంత గొప్ప సంగతి కాదు. ఆ ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళందరినీ ఒక్క వంటింట్లో కూర్చోబెట్టి భోజనం పెట్టెయ్యొచ్చు. క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ ఆమె చేసేది ఆ పనే. ఆమె కేర్‌గివర్‌గా ఉన్న వృద్ధాశ్రమంలో తెల్ల ముసలమ్మలు కూడా ఆమె గారెల డబ్బా మూత ఎప్పుడు తీస్తుందా అని కాచుక్కూర్చునేవాళ్ళు. గుమ్మంలో నిలబడి "తినొచ్చామండీ" అన్నవాళ్ళంటే మాత్రం ఆమెకు గిట్టేది కాదు. ఆ మాట వెనక ఏదో దాస్తున్నారని గట్టిగా నమ్మేది.

మనుషుల్ని తూచడానికి ఆమె దగ్గరున్న తక్కెడ కూడా అదే. అన్నం పెట్టినవాళ్ళు మంచివాళ్ళు. చీరాల పక్క పల్లెలో వాళ్ళమ్మ నేర్పిన మర్యాద అది. ఒకరింట్లో కంచం ముందు కూర్చున్నాక ఆ ఇంటివాళ్ళని అనుమానంగా చూడకూడదు, అనుమానం ఉంటే కూర్చోకముందే లేచి వచ్చెయ్యాలి. నవ్వేవాళ్ళు నవ్వారు గాని, ఆమె జీవితం ఈ మర్యాద మీదే బాగానే సాగిపోయింది. ఈ దేశం వచ్చిన కొత్తలో అద్దె ఇల్లు వెతుక్కుంటుంటే ఒక ముసలామె వేడి స్కోన్ రొట్టె మీద వెన్న రాసి చేతిలో పెట్టింది. మిగతా గదులు చూడకుండానే ఈ ఇల్లే తీసుకుందామనేసింది ఆనందమ్మ. ఆ ముసలామె పోయేదాకా ఇద్దరి మధ్యా ఒక్క మాట తేడా రాలేదు.

అలాంటి మనిషి మోటర్‌హోమ్, అంటే మంచం, వంటిల్లూ ఉన్న చక్రాల ఇల్లు, బేరానికి దిగడమే విడ్డూరం. దిగాల్సి వచ్చింది, భర్త యేసుదానం కళ్ళ కోసం.

యేసుదానం మాంసం ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టులు చేసినవాడు. పగలు నిద్ర, రాత్రి పని. ఇన్నేళ్ళు ఉండి కూడా ఈ దేశాన్ని ఎక్కువగా కారు లైట్ల వెలుగులోనే చూశాడు. అతను పుట్టింది హంసలదీవి దగ్గర. కృష్ణ వచ్చి సముద్రంలో కలిసేచోట నీళ్ళ మీద రంగు మారే గీత ఒకటి ఉంటుందని, చిన్నప్పుడు నాన్నతో పడవలో వెళ్ళి దాన్ని చూస్తూ కూర్చునేవాణ్ణని చెప్పేవాడు. ఇక్కడ, వీళ్ళుండే దక్షిణపు కొసకి పూర్తిగా అవతల, ఉత్తరం కొసన, కేప్ రెయింగా దగ్గర, రెండు సముద్రాలు కలుస్తాయనీ అక్కడా అలాంటి గీతే కనబడుతుందనీ విన్నప్పటి నుంచి అతనికి అదొక్కటే కోరిక. రిటైరయ్యాక తీరిగ్గా వెళ్దాం అనుకుంటూ వచ్చారు. ఈలోగా కంటినరాలు ఎండిపోతున్నాయని తేలింది. చుక్కల మందు ఉన్న చూపును కొన్నాళ్ళు కాపాడుతుందే గాని పోయినదాన్ని తేలేదని, చూడాలనుకున్నవి ఉంటే వచ్చే ఎండాకాలం, అంటే ఇక్కడ డిసెంబరు, జనవరి, దాటనివ్వొద్దని డాక్టరు చెప్పాడు. అప్పటికే అతనికి పక్కలు కనబడ్డం మానేశాయి. ఎదురుగా ఉన్నది మాత్రం గొట్టంలోంచి చూసినట్టు కనబడేది.

కారులో వెళ్ళి మోటళ్ళలో దిగడం ఒకసారి ప్రయత్నించారు. ఓమరూ అనే ఊళ్ళో మొదటి రాత్రే, కొత్త గదిలో బాత్‌రూమ్ ఎటుందో తెలియక, తలుపు అంచు నుదుటికి కొట్టుకుని రక్తం కారింది. దెబ్బ చిన్నదే. గోడలు తడుముకుంటూ తిరగడం భార్య చూసిందే అన్న సిగ్గు పెద్దది. మర్నాడే వెనక్కి తిరిగొచ్చేశారు. అప్పుడు ఆనందమ్మకు తట్టింది, ఊరు మారినా మంచం మారని ఇల్లు కావాలని. మోటర్‌హోమ్‌లో మెట్టు ఎక్కడుందో, నీళ్ళ పంపు ఎటుందో చేతులు ఒకసారి నేర్చుకుంటే చాలు, తర్వాత ఎక్కడికి వెళ్ళినా అదే ఇల్లు. తను డ్రైవ్ చేస్తుంది, అతను పక్కన కూర్చుని చూస్తాడు. ఆ మాట చెప్పినప్పుడు యేసుదానం ఆమె చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత, "ఆ గీత ఒక్కటి చూస్తే చాలు ఆనందం. ఆ తర్వాత చీకటైపోయినా ఏం పర్లేదు," అన్నాడు.

ముందుగా వెళ్ళింది డునెడిన్‌లో రాస్ అనే డీలరు దగ్గరికి. పొడుగ్గా, ముభావంగా ఉండే మనిషి. కూర్చోమని అనలేదు, మంచినీళ్ళు ఇవ్వలేదు. వీళ్ళకి నచ్చిన బండి చూపించి దాని లోపాలు వరసపెట్టి చెప్పడం మొదలెట్టాడు. ఈ మూల ఒకసారి నీళ్ళు దిగాయి, బాగు చేయించాను. ఫ్రిజ్ గ్యాసు మీద పెడితే ఒక్కోసారి మొరాయిస్తుంది. నా మాట నమ్మకండి, మీ తరఫున ఒకణ్ణి తెచ్చి గోడల్లో తేమ ఉందేమో మీటరు పెట్టి చూపించుకోండి. ఇలా సాగింది ఆయన ధోరణి. తన సరుకుని తనే తిట్టుకునే వ్యాపారిని ఆనందమ్మ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. బయటికి రాగానే మొహం చిట్లించి, పైకి చెప్పినవే ఇన్నుంటే చెప్పనివి ఎన్నుంటాయో అంది. యేసుదానానికి ఆ బండి కిటికీ నచ్చింది. పెద్దదిగా ఉందన్నాడు. ఆమె వినిపించుకోలేదు.

తర్వాత ఆన్‌లైన్ ప్రార్థన కూటంలో ఫ్రాంక్లిన్ పరిచయమయ్యాడు. ఆక్లాండ్‌లో, మనురేవాలో బళ్ళ వ్యాపారం. మనవాడు, మన భాష. మొదటిసారి ఫోన్లోనే "వందనాలక్కా" అన్నాడు, రెండోసారికి యేసుదానాన్ని "బావగారూ" అని పిలిచాడు. బావగారి కళ్ళ కోసం రోజూ ప్రార్థిస్తున్నామన్నాడు. వాళ్ళకి తగ్గ మోటర్‌హోమ్ తన దగ్గరుందని, ఇంటికి భోజనానికే వచ్చి చూసుకోమని పిలిచాడు. వృద్ధాశ్రమంలో ఆనందమ్మతో పనిచేసే నర్సు గిరిజ మాత్రం ఇదంతా విని పెదవి విరిచింది. కాకినాడ పిల్ల, మొహమాటం లేని మనిషి. "తెలుగోడైతే ఏంటక్కా, బండికి తెలుగొచ్చా? చెక్ చేయించకుండా సంతకం పెట్టకు," అని, తనే ఆక్లాండ్‌లో బళ్ళు చెక్ చేసే ఒక ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేసి, భోజనాల తర్వాత వచ్చేలా మాట్లాడి పెట్టింది. ఆనందమ్మ సరేనంది. విమానం ఎక్కేటప్పుడు కూడా సరే అనే అనుకుంది.

మనురేవాలో ఫ్రాంక్లిన్ భార్య లవ్లీ గుమ్మంలోకి ఎదురొచ్చింది. ఫ్రీజర్లో దాచుకున్న గోంగూర తీసి మాంసంలో వేసి వండింది. ఇన్వర్‌కార్గిల్ చలికి గోంగూర మొలవదు, ఆనందమ్మ దాని రుచి చూసి ఎన్నాళ్ళయిందో. యేసుదానం పక్కన కూర్చుని లవ్లీయే ముక్కల్లోంచి ఎముకలు ఏరి పెట్టింది, అన్నం కలిపి అతని చేతికి అందేలా కంచం జరిపింది. అది చూసి ఆనందమ్మకు కళ్ళనీళ్ళు తిరిగాయి. సొంత చెల్లెలైనా అంత చేస్తుందా అనుకుంది.

చెయ్యి కడుక్కోడానికి బాత్‌రూమ్‌లోకి వెళ్ళింది. ఇంకాసేపట్లో ఎవడో తెల్లవాడు వచ్చి, ఈ ఇంటివాళ్ళు చూస్తుండగా వాళ్ళ బండి గోడలకి మీటరు పెట్టి పొడుస్తాడు. తిన్న చెయ్యి ఇంకా ఆరలేదు. ఆమెకు ప్రాణం చచ్చిపోయింది. తలుపు గడియ వేసుకుని, పంపు తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేసి రావద్దని చెప్పేసింది.

బండి తెల్లగా మెరిసిపోతోంది. లోపల గోడలకి కొత్త బోర్డులు, కొత్త వాసన. మంచం పక్క గోడ మీద చెయ్యి ఆనించి ఫ్రాంక్లిన్ ప్రార్థన చేశాడు. ప్రయాణంలో కాపాడమని, బావగారి చూపు నిలపమని పేరుపేరునా అడిగాడు. ఆనందమ్మ గట్టిగా ఆమెన్ అంది. సంతకాలయ్యాయి.

బండి రోడ్డెక్కాక యేసుదానం నెమ్మదిగా అడిగాడు. "ఇక్కణ్ణించి రెయింగా ఒక్కరోజు దారేగా. ఎలాగూ ఇంత దూరం వచ్చాం. ఇటే పోదామా?"

"సోమవారం డ్యూటీ ఎక్కాలండీ. జనవరి అంతా లీవ్ పెట్టా గదా, హడావిడి లేకుండా వద్దాం," అంది ఆనందమ్మ. బండి దక్షిణానికి తిరిగింది.

బండితో సహా ఫెర్రీ పడవ ఎక్కి, వాళ్ళుండే సౌత్ ఐలాండ్‌కి దాటి, కైకోరా దగ్గరికి వచ్చేసరికి వాన పట్టుకుంది. ఆ రాత్రి యేసుదానమే ముందు కనిపెట్టాడు. కళ్ళు పోతున్నకొద్దీ అతని చేతులకి తెలివి పెరిగింది. పక్క గోడ తడిగా ఉంది అన్నాడు. ఆనందమ్మ లైటు వేసి వేలితో నొక్కింది. నానిన రస్కులోకి దిగినట్టు వేలు లోపలికి దిగిపోయింది. కుళ్ళిన చెక్క కంపు బండంతా కమ్ముకుంది. ప్రార్థన చేసినప్పుడు ఫ్రాంక్లిన్ చెయ్యి ఆనించింది సరిగ్గా ఆ గోడ మీదే.

అప్పుడైనా ఆమెకు కోపం వచ్చి ఉంటే బాగుండేది. రాలేదు. వాళ్ళకీ తెలిసుండదు అనుకుంది. ఫ్రాంక్లిన్ ఫోన్లో ఎంతో నొచ్చుకున్నాడు. క్రైస్ట్‌చర్చ్‌లో తనకి తెలిసిన వర్క్‌షాపు ఉందని, వాళ్ళతో మాట్లాడతానని, క్రిస్మస్‌కి ముందే బండి కొత్తదానిలా చేయించి ఇస్తానని చెప్పాడు. కంప్లయింట్ పెట్టమని గిరిజ పోరింది. ఆనందమ్మ పెట్టలేదు. అన్నం పెట్టిన మనుషులమ్మా అంది. బండి ఇంటి ముందు టార్పాలిన్ కప్పుకుని కూర్చుంది. వర్క్‌షాపు నుంచి ఫోన్ వస్తుందని ఆనందమ్మ అక్టోబరు, నవంబరు ఎదురుచూసింది. తర్వాత ఫ్రాంక్లిన్‌కి చేస్తే ఫోన్ ఎత్తేది లవ్లీ, ఆయన మీటింగులో ఉన్నారక్కా అనేది. ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. చివరికి క్రైస్ట్‌చర్చ్‌కి తనే ఫోన్ చేస్తే, ఆ వర్క్‌షాపువాళ్ళు ఫ్రాంక్లిన్ పేరే వినలేదన్నారు.

డిసెంబరులో ఒక పొద్దున యేసుదానం మంచం మీద లేచి కూర్చుని, కర్టెన్ తియ్యమని అడిగాడు. కర్టెన్ తీసే ఉంది. గొట్టం మూసుకుపోయింది. వెలుగూ చీకటీ మాత్రం తెలుస్తాయని, ఇక అంతకుమించి ఆశ పెట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. ఆనందమ్మ ఆసుపత్రి వరండాలో నిలబడి ఏడ్చింది. ఆక్లాండ్‌లో బండి ఎటు తిప్పాలో తన చేతిలోనే ఉన్న ఆ ఒక్క నిమిషం ఆమెను తినేసింది. ఉత్తరానికి తిప్పి ఉంటే బండి ఎంత కుళ్ళినదైనా అతను చూసేవాడు. గిరిజ ఇంటికొచ్చి, పోనీ విమానం టికెట్లు బుక్ చేస్తాను, ఇప్పుడైనా వెళ్ళి రండి అంది.

"ఏం చూడ్డానికమ్మా?" అన్నాడు యేసుదానం.

తర్వాత కంప్లయింటూ పెట్టారు, తీర్పూ వీళ్ళ పక్కే వచ్చింది. అప్పటికి ఫ్రాంక్లిన్ కంపెనీ మూతపడింది. ప్రార్థన కూటంలో అతని పేరు కనబడ్డం మానేసింది. అక్కడెవరూ దాని గురించి మాట్లాడలేదు.

ఇంటి ముందు ఆ బండి చూస్తూ బతకలేక, ఆకులు రాలే కాలంలో ఆనందమ్మ దాన్ని డునెడిన్ తోలుకెళ్ళింది. విడి భాగాల కిందైనా తీసుకుంటాడేమోనని రాస్ దగ్గరే ఆపింది. యేసుదానాన్ని చెయ్యి పట్టుకుని దింపింది. రాస్ మంచం పక్క బోర్డు ఒకటి ఊడదీశాడు. లోపల చెక్క నల్లగా పొడైపోయి ఉంది, దాని మీద కొత్త జిగురు ఇంకా తెల్లగా ఉంది. దీన్ని కప్పినవాడికి లోపల ఏముందో తెలుసు అన్నాడు. ఆ ఒక్క మాటతో, ఇన్నాళ్ళూ ఆమె పట్టుకు వేళ్ళాడిన చివరి నమ్మకం కూడా పోయింది. కొనేముందు ఎవరికీ ఎందుకు చూపించలేదని ఆయన అడిగాడు.

"వాళ్ళింట్లో భోజనం చేశాం," అని ఇంగ్లీషులో చెప్పింది ఆనందమ్మ. ఆయన మిగతా మాట కోసం ఆగాడు.

అప్పుడు మీకు చూపించిన బండిని ఒక ముసలి జంట కొనుక్కుందని, కిందటి నెలే దేశమంతా తిరిగొచ్చారని, ఫ్రిజ్ మాత్రం మొరాయించిందట అని రాస్ చెప్పుకొచ్చాడు. యేసుదానం గొంతు తగ్గించి, "రెయింగా వెళ్ళారేమో అడుగు. గీత కనబడిందేమో అడుగు," అన్నాడు. ఆమె అడిగింది. కనబడిందట, ఎండ బాగా కాసిన రోజట, ఫొటో కూడా పంపారట. రాస్ ఫోన్ తీసి చూపించబోయి, యేసుదానం మొహం చూసి, మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు.

ఏమనుకున్నాడో ఏమో, లోపలికి రండి అని ఆఫీసు గదిలో ఇద్దరికీ కుర్చీలు వేశాడు. టీ పెట్టాడు. వాళ్ళావిడ చేసిందట, అల్లం బిస్కెట్లు ప్లేటు నిండా తెచ్చి ఆనందమ్మ ముందుంచి, తినమన్నాడు.

ఆనందమ్మ ఆ ప్లేటు వైపు చూసింది. థాంక్స్, మేం ఇంటి దగ్గరే తినొచ్చాం అంది.

యేసుదానం ఆమె గొంతు వినబడిన వైపు మొహం తిప్పాడు. "పొద్దుట్నించీ ఏం తినలేదు గదే మనం," అన్నాడు తెలుగులో.

ఆమె ప్లేటును బల్ల మీద అవతలికి జరిపింది.