‘తీసుకో’ అన్నది ఎవరిని?

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడు, వానలు మొదలయ్యే ముందు, అండమాన్‌లో రంగత్ నుంచి మాయాబందర్ వైపు ఒక చిన్న ఆసుపత్రికి ఫార్మసిస్టుగా బదిలీ అయ్యాను. అప్పటికి సర్వీసు ముప్పై ఏళ్లు దాటింది. మందుల కిటికీ దగ్గర నాకు తెలియనిది లేదనుకునేవాణ్ణి. పొగరే, ఇప్పుడు ఒప్పుకోవడానికేం?

అక్కడ ఒక అలవాటుంది. సముద్రం పోటెత్తితే డింగీ పడవలు నడవవు కాబట్టి, నీళ్ల అవతలి ఊళ్లవాళ్లకు బీపీ, షుగర్ మాత్రలు వానాకాలానికి సరిపడా ఒకేసారి ఇచ్చేసేవాళ్లం. డాక్టర్లూ అడ్డు చెప్పేవారు కాదు.

కరుణమ్మ గారు అవతలి ఊళ్లో ఉండే రిటైర్డు టీచరు. ఆదివారం ప్రార్థన అయ్యాక, తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం రాని పిల్లలచేత పలక మీద అక్షరాలు దిద్దించేవారు. గుండెలో కవాటం మార్చారు గనుక రక్తం పలచబరిచే మాత్ర రోజూ వేసుకోవాలి. దాని మోతాదు నెలనెలా రక్తపరీక్ష చూసి సరిచేస్తారు. అందుకే డాక్టరమ్మ చీటీలో ముప్పై మాత్రలే రాసింది.

“బాబూ, మౌసమ్ ఖరాబైపోతంది. తీన్ మహీనాలకి ఇచ్చీ. ఈ మోకాళ్లతో బార్‌బార్ డింగీ ఎక్కలేను,” అన్నారు టీచరమ్మ. జాలేసింది. తొంభై ఇచ్చేశాను. పరీక్ష మాట గుర్తుచేయనేలేదు.

రెండో నెలలో మోకాలి నొప్పికి కొట్లో ఏదో మాత్ర కొని వేసుకున్నారట. అలాంటివి ఈ మాత్రతో కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది; నెల పరీక్షకు వచ్చి ఉంటే డాక్టరమ్మ ఆ మాట చెప్పి ఉండేది. ఒకరోజు చిగుళ్ల నుంచి రక్తం కారింది, సాయంత్రానికి మాట తడబడింది. మెదడులో రక్తనాళం చిట్లిందని పోర్ట్ బ్లెయిర్‌లో తేల్చారు. ప్రాణం దక్కింది గానీ కుడిచేయి పడిపోయింది.

నేనే వెళ్లి డాక్టరమ్మతో చెప్పాను. నా కూతురి వయసు ఆమెది. కేకలేయలేదు. చీటీ పైన ఆర్ అక్షరానికి గీత కొట్టిన గుర్తు చూపించి, ఇదేమిటని అడిగింది. లాటిన్ క్రియ ‘రెసిపే’, ‘తీసుకో’ అని ఆజ్ఞ, డిప్లొమాలో బట్టీ పట్టిందే అన్నాను. ఎవరిని తీసుకోమని, అంది. రోగిని, అన్నాను. కాదంది. పూర్వం వైద్యుడు ఫలానా వేరు ఇంత, ఫలానా తైలం ఇంత తీసుకో, కలుపు అని మందు కట్టేవాడికి రాసేవాడట. వంటింట్లో రెసిపీ కూడా ఆ క్రియ నుంచి వచ్చిందే, వండేవాళ్లకు చెప్పేదే.

“అంకుల్, అది మీతో అన్న మాట. ముప్పై తీసుకోమన్నాను, మీరు తొంభై తీశారు.”

తప్పు నాదేనని రాసిచ్చాను. మెమో వచ్చింది.

టీచరమ్మ ఇంటికి వెళితే, “నా భలాయీ కోసమే, నా మంచికే ఇచ్చావు కదా బాబూ,” అని ఎడమచేత్తో నా చేయి నిమిరారు. తిట్టి ఉంటే బావుండేది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఆ మాత్ర ముప్పైకి మించి ఎవరికీ ఇవ్వలేదు. వానాకాలంలో సముద్రం కాస్త తెరిపిచ్చినప్పుడల్లా ల్యాబు భయ్యాను వెంటబెట్టుకుని నేనే డింగీ ఎక్కేవాణ్ణి. రక్తం తీయించి, ఫలితం డాక్టరమ్మ చూశాకే తర్వాతి నెలవి చేర్చేవాణ్ణి. రాతిగుండెవాడినని తిట్టినవాళ్లున్నారు. తిట్టనీ. జాలి కలిగిన రోజున చీటీ రెండోసారి చదవాలి. ఇంత చిన్న సంగతి నాకు తెలియడానికి ముప్పై ఏళ్ల సర్వీసు చాల్లేదు, టీచరమ్మ కుడిచేయి పోవలసి వచ్చింది.