కట్టు విప్పేటప్పటి పాట

అక్క పోయిందన్న కబురు నాకు మందుల వ్యాన్ డ్రైవర్ నోట తెలిసింది. అక్క పనిచేసే నిజ్వా ఊరి ఆసుపత్రిలో సెలైన్ సీసాలు దించి మస్కట్‌కి తిరిగొచ్చి, రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుంటూ, "వో గానేవాలీ సిస్టర్ గుజర్ గయీ" అన్నాడు. కామెర్లు ముదిరాయట. పది రోజులు మంచంలో ఉందట. ఆ పది రోజుల్లో నాకు ఒక్కరూ చెప్పలేదు. నేనూ ఒక్కరినీ అడగలేదు. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మెత్తగా రాయాలంటారు. నావల్ల కాదు. నాకు ఒళ్ళు మండిపోతోంది.

సొంత అక్క కాదు. రాజమండ్రి వైపు మనిషి, నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్ద. నిజ్వాలో మేము పనిచేసిన ఆసుపత్రిలో కాలిన గాయాల వార్డు ఆమెది. నన్ను ఆమె కింద నర్సుగా వేశారు. రూమ్ కూడా ఒకటే.

మలేరియాతో పడుకున్న ఇంగ్లీషు ఇంజనీరు ఒకడు ఇంటికి పోతూ తన రికార్డ్ ప్లేయరూ, ముప్పై దాకా రికార్డులూ ఆమెకిచ్చి పోయాడు. రాక్, సోల్ పాటలు. ఆ పేర్లే మేము అప్పుడు మొదటిసారి విన్నాం. అక్క డిక్షనరీ ముందేసుకుని అట్టల వెనకున్న చిన్నక్షరాలన్నీ చదివేది. "ఎవరు పాడారని అందరూ అడుగుతారే. ఆ పూట వాళ్ళింట్లో ఏం జరిగిందని ఒక్కడూ అడగడు" అనేది.

కాలిన గాయం కట్టు విప్పడం చూడనివాళ్ళకు చెప్పాలి. గాజుగుడ్డ పుండుకి అతుక్కుపోతుంది. సెలైన్ పోసి నానబెట్టాలి, తర్వాత పొర పొరగా లాగాలి. అక్క పద్ధతి ఏమిటంటే, గుడ్డ నానేంతసేపూ పాట వెనక కథ చెబుతుంది. నానాక రికార్డు పెడుతుంది. పాట అయ్యేలోపల కట్టు ఊడాలి. మూడు నిమిషాలు.

రోడ్డు సైట్‌లో మరిగే తారు చేతిమీద ఒలికిన మనిషి ఒకడొచ్చాడు. కరీంనగర్ వైపు. మొదటి రోజు అక్క గిన్నె పట్టుకుని రాగానే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"సిస్టరమ్మా, జెర ఆగు. సస్త నేను."

"ఆగుతాలేవయ్యా, గుడ్డ నానాలిగా. ఈలోపు ఒక సంగతి విను. ఈ పాట పాడిన పిల్ల చర్చిలో పాడి పెరిగింది. రికార్డు చేసే రోజు పొద్దున్నే తమ్ముణ్ణి సమాధి చేసి వచ్చింది. ఇంటికి పోమ్మా అన్నారు. పోనంది. మూడో చరణంలో గొంతు పగిలి కేక పెట్టింది. మళ్ళీ పాడమన్నారు. పాడను పొండి, అదే ఉంచండి అంది. అదే ఉంచారు."

"అయితే నన్నేం జెయ్యుమంటవ్?"

"ఆ పిల్ల కేక పెట్టేచోట నువ్వూ పెట్టు. చివరి పొర అక్కడే లాగుతా. ముందే అరిచావో, నీ సంగతి చెబుతా!"

నేను అతని మణికట్టు పట్టుకున్నాను. పాట మొదలైంది. అతను పళ్ళు బిగించి ఆ చోటు కోసం ఎదురుచూశాడు. కేక వచ్చింది, అతనూ అరిచాడు. గేటు దగ్గరి కాపలావాడు పరుగెత్తుకొచ్చాడు. వార్డంతా నవ్వింది, అతను కూడా, కళ్ళనీళ్ళతోనే. మర్నాటి నుంచి "అక్కా, ఇయ్యాల నాకేం కథ?" అని మంచం మంచానా అడిగేవాళ్ళు. డ్రమ్ము వాయించేవాడు రాకపోతే అట్టపెట్టె మీద దరువేసి కానిచ్చిన పాట కథ ఒకటుండేది. అది విని పక్క మంచాలవాళ్ళు మందుల పెట్టెలు వాయించేవాళ్ళు.

ఒకసారి నేను ఆ పిల్ల రికార్డు అట్ట తిప్పి చూశాను. నాలుగే లైన్లున్నాయి, తమ్ముడి మాట లేనే లేదు. నిలదీశాను. "మిగతాది పాటలో ఉందే. చెవులున్నాయిగా నీకు" అంది. అంతే.

అక్కడ సెలవు శుక్రవారమే; ఆ రోజు మా తెలుగువాళ్ళ ప్రార్థన ఆసుపత్రి ఆఫీసు పెద్ద గుమాస్తా గారింట్లో. పాటలు ఎత్తేది అక్కే. ఒక శుక్రవారం ఆయన, "వార్డులో ఆ గంతుల పాటలు పెట్టే మనిషి ఇక్కడ దేవుడి పాట ఎత్తకూడదు" అన్నాడు.

"అవి లేకుండా కట్లు ఎలా విప్పమంటారండీ? మీరొక్క రోజు వచ్చి విప్పండి, చూస్తాను" అంది అక్క.

ఆయన అందరివైపు తిరిగాడు. నా మాటకు ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి అన్నాడు. ఐదు చేతులు లేచాయి. అందులో ఒకటి నాది. నా మస్కట్ ట్రాన్స్‌ఫర్ కాగితం ఆయన బల్లమీద ఉంది మరి! ఆ సాయంత్రం రూమ్‌లో అక్క ఎప్పటిలాగే నాకు టీ పెట్టి ఇచ్చింది. రెండు తిట్టినా బావుండేది. ఆ తర్వాత ప్రతి శుక్రవారం వచ్చి వెనక వరసలో కూర్చునేది, పెదవి మెదిపేది కాదు. వార్డులో మాత్రం పాట ఆపలేదు. మూడు నెలలకు నేను మస్కట్ వచ్చేశాను. ఒక్క ఉత్తరం రాయడానికి ముఖం చెల్లలేదు.

నిజ్వాలో క్రైస్తవుల సమాధుల తోట లేదు, అందుకని అక్కను ఇక్కడే, మస్కట్‌లో సమాధి చేశారు. నిజ్వా నుంచి వచ్చినవాళ్ళలో పెద్ద గుమాస్తా ముందు నిలబడ్డాడు. బైబిల్ గుండెకు ఆనించుకుని, "మన సహోదరి లోకసంబంధమైన పాట ఒక్కటీ ఎరుగదు" అన్నాడు. ఎంత మాట! బతికుండగా నోరు కట్టేశాడు, పోయాక ఆ నోట్లోంచి పాటలు కూడా లాగేసుకుంటున్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. నేను నోరు తెరవలేదు. ఈసారి నన్ను ఆపే కాగితం కూడా ఏమీ లేదు.

అప్పుడు వెనకనుంచి ఒక మనిషి తోసుకుంటూ వచ్చాడు. సైట్ బట్టల్లోనే, నీళ్ళ ట్యాంకర్ ఎక్కి వచ్చాడట. కుడిచేతి రెండు వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. తారు మనిషి.

"సారూ, తప్పు జెప్తున్నరు. అక్క పాటలు నాకెర్కే. నా చెయ్యి ఆ పాటలమీదనే మానింది."

పెద్ద గుమాస్తా ఏదో అనబోయాడు. అతను వినలేదు. చర్చిలో పాడి పెరిగిన పిల్ల కథ, తమ్ముణ్ణి మట్టిలో పెట్టి వచ్చిన పొద్దు, పాడను పొండి అన్న మాట, అన్నీ చెప్పాడు. తర్వాత అక్క శవపెట్టె పక్కన మోకాళ్ళమీద కూర్చుని, మూత మీద ఆ రెండు వేళ్ళతో దరువేస్తూ రాగం తీశాడు. ఇంగ్లీషు ముక్క రాదు, ఉత్త రాగమే.

"చాలు బాబూ, ఇక చాలు" అన్నాడు పెద్ద గుమాస్తా. నా వైపు తిరిగి, "ఏమ్మా, నువ్వైనా చెప్పు" అన్నాడు.

మూడో చరణం వచ్చింది. గొంతు పగిలేచోట అతను ఆగిపోయాడు. వేళ్ళు గాలిలో పెట్టుకుని, ఆ రోజు వార్డులో తన మణికట్టు పట్టుకున్న మనిషిని గుర్తుపట్టినట్టు నాకేసి చూశాడు.

నేను అరిచాను. నాకే తెలియని గొంతుతో, ఊపిరి అయిపోయేదాకా అరిచాను. అతుక్కుపోయిన ఆ రెండు వేళ్ళు దిగి, అక్క పెట్టె మీద మళ్ళీ దరువు అందుకున్నాయి.