పసుపు లైటు మీద ప్లాస్టరు

ఆ ఆసుపత్రిలో ఆమెను అందరూ గంటమ్మ అంటారు. నిప్పు అంటుకుంటే గంట మోగించే ప్యానెల్‌ను చూసుకోవడం ఆమె పని. ముద్దుగా పెట్టిన పేరేం కాదది. గంట మోగితే చాలు, డాక్టర్ల నుంచి నేల తుడిచేవాళ్ల దాకా అందరూ ఆమె మీదే విరుచుకుపడతారు. ఆమె మనసులో తిట్టుకుంటుంది. మనసులో అనడం మర్యాద కోసం, నిజానికి పైకే తిడుతుంది. చిన్నప్పటి నుంచీ ముక్కు మీద కోపం. తన కోపమే తన శత్రువని వాళ్లమ్మ చెప్పీ చెప్పీ విసిగిపోయింది.

ఈ పని ఇప్పించింది బావ, సొంత అక్క మొగుడు. పగలు ఆయన, సాయంత్రం నుంచి ఈమె అదే కుర్చీలో కూర్చుంటారు. ప్యానెల్ అంటే గోడకు బిగించిన ఇనప పెట్టె, దానికో చిన్న తెర, బాణం గుర్తుల బటన్లు. పొగను పసిగట్టే బిళ్ల ఏయే గదిలో ఉందో ఆ పేర్లన్నీ తెర మీద వరసగా వస్తాయి. కావలసిన పేరు దాకా బాణం నొక్కుకుంటూ పోయి, అదొక్కటే ఎంచుకోవాలి. రెండో అంతస్తులో క్యాంటీన్ పేరు చిట్టచివర. అక్కడ పెనం మాడినప్పుడల్లా గంట మోగుతుంది. ఆ ఒక్క బిళ్లను కాసేపు ఆపి, పొగ పోయాక మళ్లీ పనిలో పెట్టాలి. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

ఆ సాయంత్రం ఆమె వచ్చేసరికి బావ ఫ్లాస్కు పట్టుకుని రెండో అంతస్తుకు వెళ్లాడు. కాలు విరిగి ఆపరేషనైన అక్క అక్కడి వార్డులోనే ఉంది. కుర్చీలో కూర్చోబోతూ గంటమ్మ ప్యానెల్ మూల తెల్లటి ప్లాస్టరు ముక్క చూసింది. దెబ్బలకు అంటించే ప్లాస్టరు. పీకితే కింద పసుపు లైటు వెలుగుతోంది. అది వెలిగిందంటే ఏదో ఆపి ఉందని అర్థం. బటన్లు నొక్కి చూసింది. ఆపింది క్యాంటీన్‌ను కాదు, రెండో అంతస్తు మొత్తాన్ని. ఆమె ఒళ్లు మండిపోయింది.

బావ ఈల వేసుకుంటూ దిగి వచ్చాడు.

"బావా, ఇదేంటి?"

"క్యాంటీన్ వాడు పొద్దున్నుంచీ మాడుస్తూనే ఉన్నాడు. అంత దూరం ఎవడు నొక్కుతాడే? అంతస్తయితే వరసలో మొదటే ఉంటుంది, ఒక్క నొక్కుతో పోతుంది."

"లైటుకి ఈ కట్టేంటి?"

"కళ్లలో పొడుస్తోంది."

"ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటావా?"

"ఇప్పుడేం కొంప మునిగిందని? ఇన్నేళ్లలో ఎప్పుడైనా అంటుకుందా?"

గంటమ్మ పళ్లు పటపట కొరికింది. ఈ మనిషితో మాట్లాడటం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. అంతస్తును మళ్లీ పనిలో పెట్టడానికి చెయ్యి చాచి, ఆగింది. బీరువాలోంచి బిళ్లల్ని పరీక్షించే పొగ డబ్బా, పొడుగు కర్ర తీసింది.

"పద" అంది.

వార్డులో కిటికీ పక్క మంచం మీద అక్క మెలకువగానే ఉంది. కాలు ఎత్తి కట్టేసి ఉంది. గంటమ్మ డబ్బా తగిలించిన కర్రను బావ చేతిలో పెట్టింది.

"అక్క మంచం మీది బిళ్లకు పట్టి నొక్కు."

నొక్కాడు. తెల్లగా పొగ వచ్చింది. గంట మోగలేదు. మళ్లీ నొక్కాడు. పొగ నెమ్మదిగా దుప్పటి మీదికి దిగింది. అక్క దగ్గింది. ఈ వార్డులో చేరినప్పటి నుంచీ గంట మోగినప్పుడల్లా చెల్లెల్ని అందరికంటే ఎక్కువ తిట్టేది ఆవిడే.

"ఏమే, ఇంత పొగ వస్తుంటే నీ గంట మోగదేం?"

"మీ ఆయన్నడుగు."

అక్క లేవబోయింది. కట్టిన కాలు లేవనివ్వలేదు. మళ్లీ దిండు మీదికి ఒరిగి మొగుడి మొహం చూసింది. ఆయన కర్ర కిందికి దించాడు.

కిందికి వచ్చాక బావ తనే అంతస్తును పనిలో పెట్టాడు. క్యాంటీన్ కోసం బాణం నొక్కుతూ పోయాడు. 'ఆడవాళ్ల వార్డు, కిటికీ మంచం' అన్న పేరు దగ్గర ఆయన వేలు ఆగిపోయింది.

"నొక్కు" అంది గంటమ్మ. "క్యాంటీన్ ఇంకా దూరముంది."