పెదనాన్న కారుకు నేను వేసిన చక్రాలు

ఉద్యోగంలో చేరిన తొలి ఏడాదిలో మనిషికి తన చేతుల మీద ఉన్నంత నమ్మకం మళ్ళీ ఎప్పుడూ ఉండదేమో అనిపిస్తుంది నాకు. ఆ రోజుల్లో నేను పటమటలో ఒక ఇంజినీరుగారి ఆఫీసులో ఇళ్ళ ప్లాన్లు గీసేదాన్ని. (ఇంట్లో అలా చెప్పేదాన్ని. నిజానికి ఆయన గీసినవాటి మీద కొలతలు రాసేదాన్ని.) సరిగ్గా అప్పుడే భవానీపురంలో ఉండే మా పెదనాన్నకి చూపు బాగా తగ్గిపోయింది. ఇక స్టీరింగ్ పట్టుకోవద్దన్నారు డాక్టరుగారు. ఇరవై ఏళ్ళు నడిపిన కారును మంగళగిరిలో ఒక బట్టల షాపాయనకు అమ్మేసి, పెదనాన్న గడప దాటడమే మానేశారు. "అన్నం కూడా సరిగా తినట్లేదే" అని పెద్దమ్మ బాధపడుతుంటే, అచ్చం అలాంటి కారే ఇరవయ్యో వంతు సైజులో చేసిస్తానని మాటిచ్చేశాను.

ఆదివారం అమ్మ కుట్టుమిషను టేపు తీసుకుని మంగళగిరి వెళ్ళాను. షాపాయన అనుమానంగా చూశారు. "కారు గానీ వెనక్కి అడుగుతున్నారా అండీ?"

"లేదండీ, కొలతలు తీసుకుని వెళ్ళిపోతాను."

"కొలతలా? దీనికేమన్నా చొక్కా కుట్టిస్తారా?" అంటూనే టేపు రెండో కొస ఆయనే పట్టుకున్నారు.

సైన్‌బోర్డులు చేసేవాళ్ళు పారేసిన ప్లాస్టిక్ షీటు ముక్కలు, పేపర్ కట్టరు, స్టీలు స్కేలు, ఎమెరీ పేపరు. నా వర్క్‌షాపు మొత్తం అంతే. కారు టాపుకి వంపు రావాలని షీటును ఇడ్లీపాత్రలో ఆవిరి పడితే, మొదటిది అప్పడంలా ముడుచుకుపోయింది. (ఆ వారం ఇడ్లీలు ప్లాస్టిక్ వాసన వస్తున్నాయని నాన్న ఒక్కరే పైకి అన్నారు.) నెల తిరిగేసరికి జానెడు కారు తయారైంది. చివరికి పాత చెప్పుల రబ్బరు కోసి చక్రాలు చేశాను. అవి ఎంతకీ మడ్‌గార్డుల కింద పట్టలేదు. బయటికి తగిలించి నిలబెడితే, కారు ట్రాక్టరులా లేచి నిలబడింది. లెక్క సరిచూస్తే, చక్రం అడ్డుకొలతను కంపాసులో వ్యాసార్ధంగా పెట్టానని తేలింది. చక్రాలు సరిగ్గా రెట్టింపు. మళ్ళీ కోసే ఓపిక లేదు. పెదనాన్నకి ఎలాగూ కనిపించదు కదా అనుకుని, అలాగే సంచిలో పెట్టుకుని బస్సెక్కాను.

పెదనాన్న కారును ఒళ్ళో పెట్టుకున్నారు. వేళ్ళతో బానెట్ తడిమారు, టాపు వంపు తడిమారు. వెనక డిక్కీ దగ్గర చెయ్యి కాసేపు ఆగింది. "బాగా కుదిరిందమ్మా ఇక్కడ" అన్నారు. నాకు ఊపిరాడింది. అంతలో వేళ్ళు కిందికి దిగాయి.

"చక్రాలు పెద్దవయ్యాయి."

నేను ఖాళీ సంచి మడతపెట్టడం మొదలుపెట్టాను.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు పెదనాన్నా."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. "కనపడదనుకున్నావు" అని మాత్రం అన్నారు, అదేదో మామూలు సంగతైనట్టు. తర్వాత లోపలికి కేకేసి పెద్దమ్మ పాత చెప్పులు, ఒక కత్తి, కారు సామాన్ల పెట్టెలో మిగిలిన ఎమెరీ పేపరు తెప్పించారు. నేను కోస్తుంటే, ఆయన ఒక్కో చక్రాన్నీ ఎమెరీ పేపరు మీద రుద్దుతూ, గార్డు కింద పెట్టి చూస్తూ, "ఇంకొంచెం తగ్గాలి" అంటూ, ఆ కారులో పెద్దమ్మకు డ్రైవింగ్ నేర్పబోయి ప్రహరీగోడ పడగొట్టుకున్న కథ చెప్పారు. పెద్దమ్మ వంటింట్లోంచే "గోడ పడగొట్టింది మీరు" అని సరిదిద్దింది. ఆ మధ్యాహ్నం ఆయన రెండోసారి అన్నం పెట్టించుకున్నారు.

ఇప్పుడు నా దగ్గర నలుగురు పనిచేస్తున్నారు. కొత్తగా చేరినవాళ్ళు ఎప్పుడైనా తప్పు కొలత వేసి, "అంత చిన్నది వాళ్ళేం చూస్తారు మేడమ్" అంటే కోప్పడబోతాను, కానీ కోపం రాదు. సంచిలో అంతంత చక్రాలు పెట్టుకుని, బస్సులో కిటికీ పక్క సీట్లో ధీమాగా కూర్చున్న ఒక అమ్మాయి కళ్ళ ముందు కనిపిస్తుంది. నవ్వు ఆపుకుని, కుర్చీ వాళ్ళ పక్కకి లాక్కుని స్కేలు అందుకుంటాను.