నల్లరాయి మీద చెప్పుల లెక్క

ఆ-లాన్ పిన్నికి ఈత రాదు. తైపే నుంచి కారులో నలభై నిమిషాలు కొండల్లోకి వస్తే తగిలే నల్లరాతి మడుగు దగ్గర, ఇరవై ఏడేళ్ళుగా ప్రతి వేసవీ కూర్చుని, దిగినవాళ్ళందరినీ ప్రాణాలతో బయటికి రప్పించింది మాత్రం ఆవిడే. ఇందులో వింతేమీ లేదు. ఈత వచ్చినవాళ్ళకు నీళ్ళంటే ధీమా. రానివాళ్ళకే నీళ్ళ మీద కన్నుంటుంది.

ఈత రాకపోవడానికి కారణం ఒక జోస్యుడు. పిన్నికి ఏడేళ్ళప్పుడు గుడి మెట్ల మీద కూర్చునే ఒకాయన ఆవిడ పుట్టిన ఘడియ అడిగి, వేళ్ళు మడిచి, "పిల్లకు జలగండం ఉంది, మోకాలు దాటి నీళ్ళలో దింపొద్దు" అన్నాడు. తల్లి దింపలేదు. పెద్దయ్యాక తనూ దిగలేదు. ఏటి ఒడ్డున పుట్టి, ఏటి ఒడ్డువాణ్ణే చేసుకుని, అరవై ఆరేళ్ళు వచ్చేదాకా మోకాలి లోతు దాటలేదు. ఆ జోస్యుడి గురించి నా అభిప్రాయం ఆవిడకు చాలాసార్లు చెప్పాను.

"నీకేం, అన్ని పుస్తకాలు చదివావు, మునిగినా తేలతావు" అనేది.

అందుకే మడుగు దగ్గర నా పేరు 'పుస్తకం'. అక్కడ ఎవరికీ అసలు పేరు లేదు. నీళ్ళ దగ్గర మనిషిని పేరు పెట్టి పిలిస్తే నీళ్ళలో పోయి అక్కడే ఉండిపోయినవాళ్ళు ఆ పేరు నేర్చుకుంటారట, తర్వాత వాళ్ళే పిలుస్తారట. నిజానికి ఇది చాంద్రమానం ఏడో నెలలో, అంటే దయ్యాలకు సెలవులిచ్చే నెలలో పాటించే నియమం. పిన్ని ఏడాది పొడుగునా పాటిస్తుంది, మా చేత పాటింపజేస్తుంది. కప్పలా ఈదే పళ్ళ డాక్టరమ్మ 'కప్ప'. ముప్పై ఏళ్ళు టాక్సీ నడిపి మానేసిన పెద్దాయన 'టాక్సీ'. వారం వారం కలిసి ఈదుతూ కూడా ఆయన అసలు పేరు నాకు చాలాకాలం తెలియదు.

ఇక చెప్పులు. ఈ దీవిలో మనిషికో జత కాదు, కాలికో జత ఉందేమో అనిపించేటన్ని రబ్బరు చెప్పులు ఉన్నాయి. నీలం పట్టీ, తెల్ల అడుగు. అందరివీ ఒకేలా ఉంటాయి కాబట్టి ఎవరి గుర్తు వాళ్ళు పెట్టుకుంటారు. కప్పవి ఎర్ర గోళ్ళరంగు చుక్క, టాక్సీవి అగరువత్తితో కాల్చిన మూడు చిల్లులు, నావి చాకుతో గీసిన గీత. నీళ్ళలో దిగేముందు వాటిని నల్లరాయి మీద వరసగా విడవాలి. ముక్కులు రోడ్డు వైపు ఉండాలి. "చెప్పులు ఎటు చూస్తే మనిషి అటొస్తాడు" అని పిన్ని సిద్ధాంతం. బయటికి రాగానే తొడుక్కోవాలి. రాయి మీద ఎన్ని జతలుంటే నీళ్ళలో అంతమంది. తలలు లెక్కపెట్టడం కుదరదు, తలలు మునుగుతాయి. చెప్పులు మునగవు.

ఒడ్డున రేకుల పంచ కింద పిన్ని పొయ్యి. టీ నీళ్ళలో ఉడికే గుడ్లు, అత్తి గింజలు నీళ్ళలో పిసికి చేసి నిమ్మరసం పోసిన ఐయూ జెల్లీ, వేసవిలో చల్లార్చిన వెదురు మొలకలు. పక్కనే మేకుకు వేలాడే పాత ఇనప బాణలి. అందులో వంట చెయ్యగా ఎవరూ చూడలేదు. ఎగువ కొండ మీద మబ్బు కమ్మితే, మడుగు మీద ఫెళ్ళున ఎండ కాస్తున్నా సరే, పిన్ని గరిటెతో ఆ బాణలి మోగిస్తుంది. మధ్యాహ్నాలు ఎగువన కురిసే వాన ఏట్లోకి దిగడానికి పావుగంట చాలు. బాణలి మోగాక నీళ్ళలో ఉన్నవాడికి ఆ రోజు గుడ్డు లేదు, తిట్లు మాత్రం కడుపునిండా.

ఆ ఏడు మరో ఏట్లో, కాపలా లేని చోట, ఇద్దరు కొట్టుకుపోయారు. దాంతో కొండల్లోని మడుగులన్నీ తనిఖీ చేసి, ప్రమాదమనిపించిన చోట ఇనప కంచె వేసి, 'దిగరాదు' అని బోర్డు పాతాలని సర్కారు ఆఫీసువాళ్ళు నిర్ణయించారు. ఉత్తరం పిన్నికీ వచ్చింది. మడుగు మూస్తే ఆవిడకు పోయేది గుడ్ల బేరం కాదు, గుడ్లు ఎక్కడైనా ఉడుకుతాయి. పోయేది ఆ లెక్క. ఇరవై ఏడు వేసవుల పాటు ప్రతి సాయంత్రం సున్నాకి వచ్చిన లెక్క.

జులై చివరి శనివారం మధ్యాహ్నం ఆఫీసు తరఫున ఫాన్ గారు వచ్చారు. నలభై దాటని మనిషి, ఇస్త్రీ చొక్కా, నల్ల తోలు బూట్లు, చంకలో ఫైలు.

"అత్తా, ఇక్కడ రక్షణ ఏర్పాట్లు ఏమున్నాయి?"

"నేనున్నా."

"అది కాదు, శిక్షణ పొందినవాళ్ళు..."

"ఇరవై ఏడేళ్ళ శిక్షణ."

"మీకు ఈత వచ్చా?"

పిన్ని గుడ్లు కలిపింది. కలపాల్సిన అవసరం లేకపోయినా కలిపింది. "రాదు."

ఫాన్ గారు రాసుకున్నారు. అప్పటిదాకా ఆయన కలం తియ్యలేదు. మొదట రాసిన ముక్క అదే.

"రాసుకో నాయనా, బాగా రాసుకో. బోర్డు పాతు. ఈ తైపే జనం బోర్డు చదివి 'అయ్యయ్యో' అని ఇంటికెళ్ళి బకెట్టు స్నానం చేస్తారనుకున్నావా? పై మడుగుకి పోతారు. అక్కడ నేనుండను, బాణలి ఉండదు. అక్కడ ఎవరు లెక్కపెడతారు? నీ బోర్డా?"

"రూలు నాది కాదు కదత్తా."

"ఎవరిదీ కాని రూలు కోసం మంచి బూట్లు పాడుచేసుకోకు. పో, చూసుకో. నేను మాట్లాడను."

అన్నట్టే పొయ్యి వైపు తిరిగి కూర్చుంది. ఫాన్ గారు రెండడుగులు వేసి నాచు మీద జారారు. టాక్సీ చెయ్యిచ్చి నిలబెట్టి, ఏదో చెప్పి నవ్వుతూ ఆయన్ని తన కారు వైపు తీసుకెళ్ళాడు. నేను నీళ్ళలోకి దిగిపోయాను. నదిలో ఈతంటే ప్రకృతితో ఏకమవడమని నగరంలో రాసే పెద్దలు ఒకసారి ఆ నీళ్ళలో దిగాలి. పళ్ళు టకటకలాడే చలిలో ఎవరూ దేనితోనూ ఏకం కారు. హాయిగా ఉంటుంది, అంతే.

రెండున్నరకు బాణలి మోగింది.

"లేవండి! లేవండర్రా! కప్పా, నీక్కాదూ చెప్పేది!"

తల ఎత్తి చూస్తే ఎగువ కొండ లేదు, దాని చోట సిరా మరక ఉంది. అందరం రాయి ఎక్కాం, ఎవరి చెప్పుల్లో వాళ్ళం కాళ్ళు దూర్చి పైకి నడిచాం. పిన్ని రాయి దాకా దిగొచ్చింది, ఎప్పటిలాగే ఖాళీ రాయిని చూసుకోవడానికి.

రాయి ఖాళీగా లేదు. ఒక జత మిగిలింది.

"ఎవరివి?"

అందరూ తమ కాళ్ళ వైపు చూసుకున్నారు.

"ఎవరివని అడుగుతున్నా!"

కొత్త చెప్పులు. గుర్తు లేదు. ముక్కులు నీళ్ళ వైపున్నాయి. అంటే మడుగు పద్ధతి తెలియని మనిషెవరో వచ్చి, దిగి, ఇంకా లేవలేదు.

"నేను చూళ్ళేదు" అంది పిన్ని. ఆ గొంతు అంతకుముందు ఎప్పుడూ వినలేదు. "వెనక్కి తిరిగి కూర్చున్నా. చూళ్ళేదు."

చేతిలోని బాణలి పంచ వైపు విసిరేసి నీళ్ళలోకి నడిచింది. మోకాలు దాటింది. నడుము దాటింది. మేం నోళ్ళు తెరుచుకుని చూస్తుండగానే రొమ్ముల దాకా వెళ్ళి, చేతులతో నీళ్ళు తోసుకుంటూ అరిచింది. "ఓయ్! ఎవరు నువ్వు? ఓయ్! బయటికి రా!" ఇరవై ఏడేళ్ళలో మొదటిసారి ఆవిడకు ఒక మనిషిని పేరు పెట్టి పిలవాలని ఉంది. ఆ పేరు తెలియదు.

టాక్సీ తాడు తెచ్చి ఒక కొస పిన్ని నడుముకు కట్టి, రెండోది కప్ప చేతికిచ్చి, రాతి చూరు కిందికి మునిగాడు. నేను రెండో వైపు వెతికాను. ఫాన్ గారు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి ఒడ్డు వెంట పరిగెడుతున్నారు. "ఆ చెట్టు వేరు దగ్గర చూడండి! అక్కడేదో తెల్లగా కనబడుతోంది!" అది నురగ. మంచి మనిషి, గొంతు పోయేలా అరిచారు. ఆకుపచ్చగా ఉన్న నీళ్ళు అప్పటికే టీ రంగుకు తిరిగాయి.

టాక్సీ మూడోసారి తేలాడు. "కింద ఎవరూ లేరు. వదినా, ఇక రా. నీళ్ళు మారాయి."

"లెక్క తేలలేదు."

"నువ్వు రాకపోతే ఇంకో జత మిగుల్తుంది. రా!"

ఈడ్చుకొచ్చాం. నల్లరాయి మీద టాక్సీ వంగి ఆ చెప్పులు చేతిలోకి తీసుకున్నాడు. మడమ దగ్గర దుకాణం కాగితం ఇంకా అంటుకునే ఉంది.

"ఇదేంటి? ఇవి నా డిక్కీలోవి కదూ? జారిపడతాడని ఇందాక నేనే..."

అందరం ఫాన్ గారి కాళ్ళ వైపు చూశాం. ఏడాదికోసారి ఎండ చూసే ఆఫీసు పాదాలు, తెల్లగా, ఉత్తగా, బురదలో ఉన్నాయి.

"తమ్ముడూ" అన్నాడు టాక్సీ, "నువ్వు పోయావా, ఉన్నావా?"

"అది... మరీ ఉక్కగా ఉందని కాసేపు కాళ్ళు తడుపుకున్నా. అందరూ అక్కడే విడిచారని నేనూ విడిచా. బాణలి మోగేసరికి హడలిపోయి పైకి పరిగెత్తా."

"మరి ఇంతసేపూ వెతికింది ఎవరికోసం?"

"పోయినవాడి కోసం" అన్నారు ఫాన్ గారు దీనంగా.

ఎవరైనా నవ్వేవాళ్ళమే. అంతలో ఎగువ మలుపులో లారీలు వస్తున్నట్టు చప్పుడైంది. అందరం పంచ దాకా పరిగెత్తాం. వెనక్కి తిరిగేసరికి ఎర్రటి బురదనీరు దుంగలతో సహా దిగింది. నల్లరాయి ఎక్కడుండేదో తెలియలేదు. టాక్సీ వదిలేసిన కొత్త చెప్పులు ఒక్క క్షణం నీలంగా కనబడి, మలుపు తిరిగి పోయాయి. ఫాన్ గారు వాటినే చూస్తూ నిలబడ్డారు. పిన్ని, ఒళ్ళంతా కారుతున్న నీళ్ళతో, రాయీ, దాని మీద చెప్పులూ లేవు కాబట్టి ఈసారి తలలే లెక్కపెట్టింది. రెండుసార్లు.

తర్వాత ఆయన చేతిలో గుడ్డు పెట్టింది. "తిను. చచ్చి బతికావు."

అసలు తంటా రిపోర్టు దగ్గరొచ్చింది. జరిగింది రాస్తే తనిఖీకొచ్చిన అధికారి మడుగులో కాళ్ళాడించినట్టు రాయాలి. అది దాచితే, దిక్కులేని ఒక జత కోసం ఈ ఆడమనిషి ఏం చేసిందో రాయడానికి లేదు. ఫాన్ గారు గుడ్డు తింటూ ఈ సంగతి మాకే చెప్పి బాధపడ్డారు.

"ఈత రాదని రాశావుగా, అది కొట్టెయ్" అంది పిన్ని. "మెడలోతు దాకా వచ్చని రాయి."

ఆయన అంతా రాశారు, పాదాలతో సహా. ఆఫీసులో చాలా రోజులు నవ్వుకున్నారట. నవ్వుకోనీ. కంచె రాలేదు. ఏడో నెల దాటాక బోర్డు ఒకటి వచ్చింది. 'ఎగువన వాన పడితే నీళ్ళలో ఉండరాదు. హెచ్చరిక మోగగానే ఒడ్డుకు చేరాలి' అని ఉంది. ఏం మోగుతుందో రాయలేదు. పిన్ని ఆ బోర్డు స్తంభానికే మేకు కొట్టి బాణలి తగిలించింది.

"మరి నీ జలగండం ఏమైంది?" అని అడిగాను.

"ఘడియ తప్పు చూశాడు ఆ ముసలాడు. గండం నాది కాదు, తోలుబూట్లది."

అలా ఫాన్ గారికి నీళ్ళపేరు వచ్చింది. బోర్డు పాతిన మర్నాడు, ఆదివారం, ఫైలు లేకుండా వచ్చారు. కాళ్ళకు కొత్త జత, పట్టీ మీద ఆఫీసు సిరాతో గుండ్రటి గుర్తు. విడవబోతుంటే పిన్ని ఆపింది.

"నువ్వు ఇవాళ దిగకు. ఇక్కడ కూర్చో, గరిటె పట్టుకో. టాక్సీ నాకు తేలడం నేర్పుతానంటున్నాడు."

చిరాకు చిరాకుగా ఏదో గొణుక్కుంటూ తన చెప్పులు నల్లరాయి మీద విడిచి, ముక్కులు రోడ్డు వైపు తిప్పి, నీళ్ళలోకి నడిచింది. మోకాలి దగ్గర ఆగి వెనక్కి చూసింది.

"ఎన్ని జతలున్నాయి?"

"పన్నెండత్తా."

"పదమూడు. నావీ లెక్కపెట్టు."