నాయినను లేపే బలం

కొండాపూర్ జిమ్‌లో మా పాపకు బరువులెత్తడం నేర్పిస్తుంటే, ఆ ఇనుము వాసనకు నాయిన గుర్తొచ్చాడు. మాదాపూర్‌లో పెద్ద మేడలు లేస్తున్న రోజుల్లో, పనిలో పైఅంతస్తు నుంచి జారిపడి ఆయన మంచం పట్టాడు. నాకు బలమొస్తే ఆయన్ని నిలబెట్టొచ్చనుకుని, తాలీంలో కుస్తీ నేర్పే మేనమామ దగ్గరికి పరుగెత్తాను.

"మామా, బరువులెత్తుడు నేర్పు. నాయినను లేపాలె."

"ముందుగాల ఉత్త కట్టె ఎత్తు బిడ్డా. నడుము వంగొద్దు," అన్నాడు మామ, నా ముఖం చూడకుండా.

వేసవంతా ఎత్తాను. చిన్న ఇనుప గుండ్ల దాకా వచ్చాక, ఒకరోజు నాయిన చంకల కింద చేతులు పెట్టి ఊపిరి బిగబట్టి లాగాను. ఆయన లేవలేదు.

"ఇంకా బలం రాలే నాయినా," అని ఏడ్చాను.

"నీ బలం సాలు బిడ్డా. నా కాళ్లల్లనే పానం లేదు."

ఆయన ఇక నడవడని మామకు ముందే తెలుసని ఇప్పుడు అర్థమవుతోంది. ఆ సాయంత్రం నుంచి ఆయన్ని పక్కకు తిప్పాల్సినప్పుడల్లా, అమ్మతోపాటు నేనూ ఒక చెయ్యి వేసేదాన్ని.