వెచ్చగా వదిలి వెళ్లిన మంచం

బాలరాజ్ చెప్పే మాటల్లో సగం అబద్ధమని ఇస్నాపూర్‌లో అందరికీ తెలుసు. ఏ సగమో మాత్రం ఎవరికీ తెలియదు. గోలీల కంపెనీలో రాత్రి షిఫ్టు అతనిది. గోలీల మీద వెండిరేకు అతికించే మిషన్ దగ్గర నిలబడతాడు. అంతమాత్రానికే, దేశంలో ఎక్కడ ఎవరి తలనొప్పి తగ్గినా ఆ పుణ్యం తనదేనంటాడు. "నేనొక్కరోజు నాగా పెడితే ఢిల్లీ దాకా మూలుగుతరమ్మా" అని హత్నూరలో తల్లికి చెప్పి వచ్చాడు. ఆమె నమ్మింది. తల్లి కదా.

అలాంటివాడు నోరు మూసుకుని వినేది ఒక్కడి మాటే. జుబేర్ మాట.

సంగమ్మ కిరాయికిచ్చే రేకుల గదుల వరుసలో చివరి గది వాళ్లది. అందులో ఒకటే నవారు మంచం. పొద్దున బాలరాజ్ డ్యూటీ దిగి వచ్చేసరికి జుబేర్ లేచి పైపుల కంపెనీకి తయారయ్యేవాడు. సాయంత్రం జుబేర్ వచ్చేసరికి బాలరాజ్ లేచేవాడు. మనుషులకు సెలవులుండేవి గానీ ఆ మంచానికి లేవు. ఒకడి ఒళ్లు చేసిన గుంటలోనే ఇంకొకడు ఒరిగేవాడు. జుబేర్ వాళ్లమ్మ పాత చీరలతో కుట్టి పంపిన బొంత ఇద్దరికీ ఒక్కటే. ఎప్పుడు తాకినా వెచ్చగా ఉండేది.

ఇద్దరూ ఎదురుపడేది ఒక చాయ్ తాగేంతసేపే. ఆ కాసేపట్లోనే కోతల పోటీ. నేను పెద్దంటే నేను పెద్దని ఒకరినొకరు 'తమ్మీ' అని పిలుచుకునేవాళ్లు. బాలరాజ్ కోతలు పొట్టివి. జుబేర్‌వి చుట్టతాడులా ఎంత లాగినా వస్తూనే ఉండేవి. వాళ్ల తాత చాంద్ పాషా బర్రె ముచ్చట అయితే మరీ. జహీరాబాద్ అంగట్లో అమ్మబోతే అది అలిగి హైదరాబాద్ బస్సెక్కిందట.

"బర్రె బస్సెట్ల ఎక్కుతది తమ్మీ?"

"ముందు డోర్ నుంచి. ఆడది గదా. లేడీస్ సీట్ల కూసుంది."

"మరి టికెట్?"

"కండక్టర్ అడిగిండు. కొమ్ములు ఊపింది. పాస్ ఉన్నదనుకొని పోయిండు."

బర్రె ప్రయాణం చలికాలమంతా సాగింది. కరోనా రెండోసారి విరుచుకుపడిన ఎండాకాలానికి అది లింగంపల్లిలో దిగి, ఒక పెళ్లిలో దూరి, పెళ్లికొడుకు కుర్చీలో కూర్చుంది. అప్పటికి ఇద్దరి మూతులకూ మాస్కులు. చాయ్ తాగడానికి దించడం, కోతకు మళ్లీ ఎక్కించడం.

"ఖాజీ సాబ్ లేచిండు తమ్మీ. బర్రె కండ్లల్లకు సూశిండు. ఒక్కటే మాట అడిగిండు."

"ఏమడిగిండు?"

"షిఫ్టుకు టైమైంది. రేపు చెప్త."

ఆ పొద్దున ఒరిగిన బాలరాజ్‌కు మంచం రోజూకంటే వేడిగా తోచింది. ఎండలనుకుని నిద్రపోయాడు. అదే సమయానికి పైపుల కంపెనీ గేటు దగ్గర జుబేర్ నుదుటికి పెట్టిన మిషన్ కూత పెట్టింది. అట్నుంచి అటే అంబులెన్సులో తీసుకుపోయారు.

ఆశ కార్యకర్త కౌసల్యమ్మ వచ్చి బాలరాజ్ ముక్కులో పుల్ల పెట్టి చూసింది. అతనికి ఏమీ లేదని తేలింది. అయినా గది దాటి రావద్దంది. సంగమ్మ బొంతను కర్రతో ఎత్తి వాకిట్లో వేయించి కిరసనాయిలు పోయించి తగలబెట్టించింది. "అది వాళ్లమ్మ కుట్టింది" అని బాలరాజ్ కిటికీలోంచి అన్నాడు గానీ ఆ మాట మాస్కు దాటలేదు. సంగమ్మను అనడానికీ లేదు. ఆమె పెనిమిటి అంతకు ముందే దవాఖానకు నడిచి వెళ్లి, ప్లాస్టిక్ చుట్టలో తిరిగొచ్చాడు. ఆఖరిచూపు కూడా దక్కలేదు.

జుబేర్ బతికాడు. ఒక సాయంత్రం, బాలరాజ్ డ్యూటీకి పోయాక, గేటు దాకా వచ్చాడు. అతని పెట్టె అప్పటికే గేటు బయట ఉంది.

"మంచిగైనవ్, సంతోషం బిడ్డా" అంది సంగమ్మ దూరం నుంచే. "గని ఇగ ఇక్కడికి రాకు. ఒక్క మంచానికి ఒక్క మనిషే."

జుబేర్ వాకిట్లోని నల్లటి మచ్చను చూశాడు. పెట్టె ఎత్తుకున్నాడు. ఆమె నోటితో పిలిస్తే తప్ప ఆ గేటు తొక్కనని ఒట్టు పెట్టుకున్నాడు. గుమ్మడిదల వైపు కంపెనీలో పని దొరికింది. అక్కడే నజీరాను పెళ్లి చేసుకున్నాడు. పెళ్లికి పోయిన బాలరాజ్, పెళ్లికొడుకు కుర్చీలో జుబేర్‌ను చూడగానే కిసుక్కుమన్నాడు. జుబేర్ కూడా పూలదండల వెనక నవ్వు ఆపుకోలేకపోయాడు. ఖాజీ సాబ్‌కు కోపమొచ్చింది. బర్రెను ఆ ఖాజీ ఏమడిగాడో అంత జనంలో జుబేర్‌ను అడగడానికి మాత్రం బాలరాజ్‌కు వీలు కాలేదు.

రోగం పోయింది, మాస్కులు పోయాయి. సంగమ్మ కట్టడి పోలేదు. మంచమంతా బాలరాజ్‌దే ఇప్పుడు. మిగతా గదుల వాళ్లు అదృష్టమన్నారు. అతనికేమో పొద్దున్నే ఆ మంచం మీద ఒరిగితే మే నెలలో కూడా వీపుకు చల్లగా తగిలేది. దుప్పటిని రేకుల మీద ఎండేశాడు. ఇస్త్రీ చేయించాడు. చాయ్ గిన్నెను దుప్పట్లో చుట్టి కాసేపు పడుకోబెట్టాడు కూడా. ఏం చేసినా అది ఎండ వేడి, గిన్నె వేడి. మనిషి లేచిపోయిన వేడి కాదు.

జుబేర్‌కు ఫోన్ చేసేవాడు.

"ఖాజీ ఏమడిగిండు? ఖుబూల్ హై, ఒప్పుకుంటవా అనేగా?"

"గది అందరిని అడిగేది. మా తాత బర్రెను గట్ల అడుగుతరా?"

"మరేంది, చెప్పరాదు?"

"ఫోన్ల కోతలు కోస్తే మజా రాదు తమ్మీ. ఆ మంచం మీద కూసొని చెప్పే ముచ్చట అది."

అలా ఫోన్ పెట్టేసిన ప్రతిసారీ బాలరాజ్ తలుపు వైపు చూసేవాడు. ఒక్కసారి, ఒక్క చాయ్ తాగేంతసేపు, జుబేర్ వచ్చి ఈ మంచం మీద కూర్చుంటే చాలు. తల్లి పెళ్లి మాటెత్తినా "ఒక ముచ్చట బాకీ ఉన్నదమ్మా, అయినంక సూద్దాం" అనేవాడు.

ఈ వానాకాలం రేకుల గదుల వరుసంతా జ్వరాలు. దవాఖానలో పరీక్ష చేస్తే బాలరాజ్‌కు డెంగీ అన్నారు. నీళ్లు బాగా తాగమని, మళ్లీ వచ్చి చూపించుకోమని పంపారు. దేశానికంతా గోలీలిచ్చేవాడు తన గోలీ మింగలేక మంచం పట్టాడు. సంగమ్మ గుమ్మం బయటే నిలబడి గంజి గిన్నెను చీపురుతో లోపలికి నెట్టేది. కౌసల్యమ్మ అది చూసింది. సంగమ్మను చేయి పట్టుకుని వెనక ఉన్న నీళ్ల డ్రమ్ము దగ్గరికి తీసుకుపోయింది. నీళ్లలో పురుగులు మెలికలు తిరుగుతున్నాయి.

"వాన్ని సూసి భయపడుతున్నవ్ అక్కా. భయపడాల్సింది దీన్ని సూసి. ఇది దోమ తెచ్చే జ్వరం. మంచం తేదు, మనిషి తేడు."

డ్రమ్ము వంచేసి, దోమతెర ఇచ్చి పోయింది.

ఆ మధ్యాహ్నం జ్వరం ఎక్కువైంది. బాలరాజ్ పలవరింతలు మొదలుపెట్టాడు. సంగమ్మ మొదటిసారి గుమ్మం దాటి వచ్చి తడిగుడ్డ వేసింది. మాటలు విని కంగారుపడి, అతని ఫోన్‌లో ఎక్కువసార్లు కనబడిన నంబరుకు కలిపింది.

"బిడ్డా జుబేర్, నేను సంగమ్మను. ఈడు ఖాజీ ఖాజీ అంటున్నడు. ఏ ఖాజీని పిలువాల్నో నాకు తెలుస్తలేదు. చాటుగ పెండ్లి గిట్ల చేస్కున్నడా ఏంది? నువ్వు జెర రా నాయనా."



మర్నాడు సాయంత్రం గేటు చప్పుడైంది. బాలరాజ్‌కు జ్వరం దిగుముఖం పట్టింది. కళ్లు తెరిచేసరికి గుమ్మంలో జుబేర్. కాస్త పొట్ట వచ్చింది. చేతిలో చాయ్ గ్లాసులు. వాకిట్లో ఆ మచ్చ ఉండిన చోట ఒక్క క్షణం ఆగాడని సంగమ్మ తర్వాత చెప్పింది.

"తమ్మీ, సస్తున్నవంట?"

"నువ్వు చెప్పకుంట సస్తనా? ఖాజీ ఏమడిగిండు?"

జుబేర్ చాయ్ కింద పెట్టాడు.

"నాకు తెల్వదు."

"కోతలు కొయ్యకు."

"కోత గాదు. గప్పుడు గూడ తెల్వదు. సాయంత్రం నువ్వు లేచినంక గీ మంచం మీద ఒరుగుతుంటి గదా. నీ వేడి ఇంక ఉంటుండె. గప్పుడు తోస్తుండె, రేపటి ముచ్చట. ఇప్పుడు ఇంట్ల మంచి పరుపున్నది. నజీరా ఉన్నది. ఏం లోటు లేదు. బర్రె మాత్రం ఆ కుర్చీలనే కూసున్నది తమ్మీ. ఒక్క అడుగు జరుగుత లేదు."

బాలరాజ్ గోడ పట్టుకుని లేచాడు. దుప్పటి కప్పుకుని వెళ్లి గడప మీద కూలబడ్డాడు.

"పండుకో" అన్నాడు. జుబేర్ ఒరిగాడు.

"జ్వరమోని మంచంల..." అని నోరు తెరిచిన సంగమ్మ మధ్యలోనే ఆగిపోయింది. కాసేపు చూసి, లోపలికి వచ్చి, జుబేర్ మీదుగా దోమతెర దించి అంచులు నవారు కిందికి దోపింది. "కాళ్లు లోపల పెట్టుకో బిడ్డా" అంది.

జుబేర్ కళ్లు మూసుకున్నాడు. వీపుతో తడుముకుంటూ గుంట దొరికేదాకా కాస్త అటూ ఇటూ జరిగాడు. మంచం కాలుతూనే ఉంది. గడప మీద బాలరాజ్ చేతిలో చాయ్ మీద మీగడ కట్టింది.

"ఇప్పుడైతే ఆడోళ్లకు ఫ్రీ గదా, బర్రెకు బస్సుల టికెట్ గూడ లేదు, తెలుసా?" అంది దోమతెరలోంచి గొంతు.

"గది నాకు తెలుసు. ఖాజీ సంగతి చెప్పు."

"ఉండు తమ్మీ, తొందరేంది? ఇయ్యాల నాకు షిఫ్టు లేదు."